అరుగు మీది డ్రిల్లు

డ్రిల్లు టీచరుగారికి నిజం చెప్పేశానని మామ్మతో అన్నాను. చెప్పలేదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ తెలియదు. అమ్మకు తెలియదు, బళ్ళో నా పక్కన కూర్చునే పిల్లకు తెలియదు, చివరికి నా డైరీకి కూడా తెలియదు. ఆ రోజు పేజీలో "టీచరుగారితో మాట్లాడాను" అని మాత్రం రాసి ఊరుకున్నాను. మాట్లాడిన మాట నిజమే. ఎవరూ చదవని పుస్తకంలో కూడా తప్పించుకుని రాసే మనిషి ఇంకెక్కడ నిజం చెబుతుందని మీకు అనిపిస్తే తప్పు లేదు. నాకూ నాలుగేళ్ళుగా అలాగే అనిపిస్తోంది.

మాది శ్రీకాకుళం. ఉక్కు ఫ్యాక్టరీ గొడవలకి బడులు మూసి తెరిచిన మరుసటి ఏడు నేను ఆడపిల్లల హైస్కూల్లో ఎస్సెల్సీ చదువుతున్నాను. మా వీధి చివర చిన్న రామాలయం, అందులో అర్చకత్వం మా నాన్నది. స్వామి నైవేద్యం మా ఇంట్లోనే వండాలి. వండేది మామ్మ, అంటే నాన్న తల్లి. పూలదండలు కట్టడం నా వంతు. నేను పెద్దమనిషినయ్యాక బడి మాన్పించాలా వద్దా అని ఇంట్లో మాట వచ్చింది. నాన్న మాన్పించేద్దామన్నట్టే ఉన్నాడు. మామ్మే తేల్చింది.

"చదువుకోనీ. మడికీ మైలకీ తేడా రాకుండా మసులుకున్నన్నాళ్ళూ చదువుకోనీ. తేడా వచ్చిందా, ఆ వేళే ఆఖరు."

ఆ మాట మీదే నా చదువు నడుస్తోంది. నెలకి మూడు రోజులు దొడ్డి వసారాలో చాప, కంచం, చెంబు నాతో ఉండేవి. ఆ మూడు రోజులు దండలు అమ్మ కట్టేది. నాలుగోనాడు తలంటుకుని లోపలికి వచ్చేదాన్ని. ఇందులో నేను ఒక్కసారి కూడా తేడా రానివ్వలేదు. నా జీవితంలో నేను నిజాయితీగా చేసిన పని ఇదొక్కటే కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

నేను చెడింది డ్రిల్లు దగ్గర.

పుట్టుకతోనే నేను కూర్చునే మనిషిని. చిన్నప్పుడు నాకు నడక కూడా ఆలస్యంగా వచ్చిందట. "ఒకనాడు గోడ పట్టుకుని లేచి నిలబడింది, నాలుగు వైపులా చూసింది, నచ్చక మళ్ళీ కూర్చుంది" అని అమ్మ అందరికీ చెప్పేది. మా బళ్ళో మంగళవారం, శుక్రవారం ఆఖరి గంట డ్రిల్లు. ఆట స్థలం అంతా గులకరాళ్ళు, పల్లేరు కాయలు. మేమంతా వట్టి కాళ్ళతో, పరికిణీలు కాస్త ఎత్తి దోపుకుని, ఓణీలు నడుముకి బిగించి పరుగెత్తాలి. ఖోఖోలో వరసలో గొంతుక్కూర్చోవడం వరకు నాకు బాగానే వచ్చు. వెనకనించి వీపు మీద చరిచి "ఖో" అన్నాక లేవాలి. చిక్కంతా అక్కడే. నేను లేచేసరికి నా పరికిణీ అంచు నా కాలికిందే ఉండేది. దాన్ని విడిపించుకుని తలెత్తి చూసేసరికి, నేను తరిమి ముట్టుకోవలసిన పిల్ల ఆ చివర స్తంభం దగ్గర నిలబడి ఊడిన జడ అల్లుకుంటూ ఉండేది. రింగు ఆటయితే ఇంకా ఘోరం. రబ్బరు చక్రం నా దాకా రాకముందే నేను కళ్ళు మూసుకునేదాన్ని. అది పాత పరిచయం ఉన్నట్టు నేరుగా వచ్చి నా ముక్కు మీద తగిలేది.

మా డ్రిల్లు టీచరుగారిది శ్రీముఖలింగం దగ్గర పల్లె, వరి పండించుకునే ఇల్లు. తెల్లచీర కట్టి, మెడలో ఈల వేసుకుని, కాళ్ళకి కాన్వాసు బూట్లు తొడుక్కునేవారు. చీర మీద బూట్లు వేసిన ఆడమనిషిని మా ఊరు అంతకుముందు చూసి ఉండదు. ఆవిడ బజారులో నడుస్తుంటే మగవాళ్ళు సైకిళ్ళు దిగి చూసేవారు. ఈల నోట్లో ఉన్నంతసేపు ఆవిడ ఇంగ్లీషు ఆర్డర్లు, ఈల తీసేస్తే ఊరి మాట. గంట మొదలవగానే అందరినీ వరసలో నిలబెట్టి ఒక్క కేక పెట్టేవారు.

"బైటున్నోళ్ళు అరుగెక్కీండి."

అంటే ఆ రోజుల్లో ఉన్న పిల్లలు పరుగెత్తనక్కర లేదు. స్కూలు అరుగు మీద కూర్చోవచ్చు. ఎవరూ ఏమీ అడగరు, ఎవరి మొహమూ చూడరు. ఇద్దరో ముగ్గురో తలలు వంచుకుని వెళ్ళి కూర్చునేవారు. మొదటిసారి నేనూ న్యాయంగానే వెళ్ళాను. ఎండ పడని అరుగు, చల్లటి గోడ, ముందు నలభై నిమిషాలు. సంచిలో పుస్తకం ఉంది. ఆ నలభై నిమిషాలు నా జీవితంలో ఎవరూ పేరు పెట్టి పిలవని నలభై నిమిషాలు. ఇంట్లో అదే మూడు రోజులు దొడ్డి వసారాలో కూర్చోమంటే ఏడుపొచ్చేది. బళ్ళో మాత్రం ఆ అరుగు దిగబుద్ధి కాలేదు.

పదిహేను రోజులు తిరక్కుండా మళ్ళీ ఎక్కాను. ఈసారి అన్యాయంగా.

నేను పుస్తకాల పురుగునని బళ్ళో పేరు. నా చేతిలో ఉన్నవి పురాణాలో, గొప్పవాళ్ళ చరిత్రలో అనుకునేవారు. అట్టకి కాగితం వేసి ఉంచడం వల్ల ఆ గౌరవం నిలబడింది. లోపలివి అద్దెకి తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలు. అరుగెక్కిన ప్రతి రోజూ డైరీలో గుర్తు పెట్టుకునేదాన్ని. నిజమైన రోజుకి, బడి ఉన్నా లేకపోయినా, చుక్క. అబద్ధం రోజుకి సున్న. రెండు గుర్తుల మధ్య తగినంత ఎడం ఉండాలి కదా, అందుకని ఆ జాగ్రత్త. డైరీ అంటే వంద పేజీల నోటు పుస్తకం. ఎవరికీ తెరవాలనిపించకుండా పైన "భూగోళం" అని రాశాను. మొదట్లో నెలకి ఒక చుక్క, ఒక సున్న ఉండేవి. పోనుపోను సున్నలకి భయం పోయింది. నెలకి మూడయ్యాయి.

నా పక్కన కూర్చునే పిల్లది ఏటి అవతల పల్లె. వాళ్ళది సేద్యం. రోజూ మూడు మైళ్ళు నడిచి వచ్చి, మూడు మైళ్ళు నడిచి వెళ్ళేది. ఖోఖోలో దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. నా గుట్టు అదొక్కతే కనిపెట్టింది.

"ఒసే, నీకు నెలకి ఎన్ని నెల్లే?" అని అడిగింది ఒకరోజు, చింతకాయ కొరుకుతూ.

నేను మాట మార్చాను. "పొద్దున్నే లేచి పేడ తీసి, నీళ్ళు తోడి, మూడు మైళ్ళు నడిచి వస్తావు. ఇంకా ఇక్కడ ఈ పరుగులేమిటే నీకు?"

"ఇంటికాడ పరిగెడితే ఆ సివర పనుంటాది. ఇక్కడ పరిగెడితే ఆ సివర ఏటీ నేదు. అందికే బాగుంటాది" అంది. తర్వాత నా వైపు చూసి, "నువ్వు సెప్పకు. నాను సెప్పను" అంది. అది మాట నిలబెట్టుకుంది.

అయితే నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. టీచరుగారు తన హాజరు పట్టీలో అరుగెక్కిన ప్రతి పిల్ల పేరు ముందు చిన్న గీత పెట్టుకునేవారు. అబద్ధం పట్టుకోవడానికి కాదు. అలాంటి అబద్ధం ఒకటుంటుందని ఆవిడకి తోచనే లేదు. ఏ పిల్లకి ఒంట్లో ఎలా ఉందో తెలియాలని ఆ గీతలు.

ధనుర్మాసంలో ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ మా ఇంటికి వచ్చారు. అమ్మ పిన్ని పురిటికని విజయనగరం వెళ్ళింది. నాన్న గుడిలో ఉన్నాడు. నేను లోపల తలుపు పక్కన కూర్చుని సాయంత్రం పూజకి బంతిపూల దండ కడుతున్నాను. మామ్మ మడి కట్టుకుని ఉండడం వల్ల గడప ఇవతలే నిలబడి మాట్లాడింది. టీచరుగారు బూట్లు మెట్ల కింద విడిచి, అరుగు అంచున ఒదిగి కూర్చున్నారు. ఆట స్థలం మీద అంత పెద్దగా కనపడే మనిషి మా అరుగు మీద చిన్నగా అయిపోయారు.

"మామ్మగారూ, నాను బడి టీచర్నండి. ఆడపిల్లలకి డ్రిల్లు సెప్తాను."

"ఏం చేసిందమ్మా మా పిల్ల?"

"ఏటీ సెయ్యనేదండి. అదే నా బాధ." ఆవిడ గొంతు తగ్గించారు. "పిల్లకి ఒంట్లో బాగున్నట్టు నేదండి. నెలకి మూడుసార్లు, ఒక్కో నెల నాలుగుసార్లు బైటుంటన్నాది. నాను రాసుకున్నాను, సూడండి. ఇలగైతే ఒంట్లో రగతం ఏటి మిగుల్తాది? పరీక్షలొస్తన్నాయి. డాక్టరమ్మకి సూపించండి. మీకు తోడు నేకపోతే నాను వస్తాను."

నా చేతిలో దారం ఆగిపోయింది. మామ్మ గడపకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఎన్నిసార్లన్నావు తల్లీ?"

ఆవిడ మళ్ళీ చెప్పారు.

"సరే. ఎండలో పడి వచ్చావు. నేను చూసుకుంటాను" అంది మామ్మ. రెండు అరటిపళ్ళు తెచ్చి గడప మీద పెట్టింది. టీచరుగారు అవి చేతిలో పట్టుకుని, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు.

మామ్మ నా వైపు తిరిగింది. "ఆ పూలు కింద పెట్టు."

పెట్టాను. అప్పటికి గాని నేను ఏ గోతిలో పడ్డానో నాకు తెలియలేదు. టీచరుగారు చెప్పింది నిజమైతే, నెలకి మూడు నాలుగుసార్లు మైలలో ఉండి, ఇంట్లో ఒక్కసారే చెప్పి, తక్కిన రోజులన్నీ వంటింట్లో తిరిగి, స్వామికి దండలు కట్టిన మనిషిని నేను. అదీ ధనుర్మాసంలో. నెల పొడుగునా తెల్లవారకముందే పొంగలి వండి గుడికి పంపే మామ్మ ఇంట్లో.

"అబద్ధం మామ్మా" అన్నాను. "ఏమీ లేదు. డ్రిల్లు తప్పించుకోడానికి టీచరుగారితో అబద్ధం ఆడాను."

ఇది నిజం. ఇంత నిజం నేను ఎప్పుడూ చెప్పలేదు. మామ్మ నమ్మలేదు.

"ఉన్నదాన్ని లేదన్నవాళ్ళని చూశానే. పెళ్ళికో, ప్రయాణానికో అడ్డొస్తుందని దాచిపెట్టినవాళ్ళు మన చుట్టాల్లోనే ఉన్నారు. లేనిదాన్ని ఉందని చెప్పుకుని నలుగురి ఎదటా అరుగెక్కి కూర్చున్న ఆడదాన్ని నేను పుట్టి ఎరగను. దేనికోసం ఆ పని చేస్తుంది ఎవరైనా?"

"పరుగెత్తలేక మామ్మా."

"పరుగెత్తలేక." మామ్మ ఆ మాటని ఒకసారి నోట్లో తిప్పి చూసి పక్కన పెట్టేసింది. "మీ నాన్న నైవేద్యం పెట్టి ఇంటికి వచ్చేలోపు నువ్వు నిజం చెప్పాలి. వచ్చాక వాడికి చెప్పక తప్పదు. గుడి శుద్ధి చేయించుకోవాలి. నీ బడి సంగతి ఇంక నన్నడక్కు."

ఎస్సెల్సీ పరీక్షలకి మూడు నెలలుంది. నాన్న రావడానికి రెండు గంటలుంది. నేను గూట్లోంచి "భూగోళం" తెచ్చాను.

మామ్మకి చదవడం రాదు. కాని పంచాంగమంతా ఆవిడ నోట్లో ఉండేది. మేం ఎవరం ఏ నెలలో ఏ రోజుల్లో దొడ్డి వసారాలో ఉన్నామో, ఆ రోజు ఇంట్లో ఏ కూర చేసిందో సహా చెప్పగలదు. నేను పుస్తకం తెరిచి, చుక్కలేమిటో సున్నలేమిటో చెప్పాను. ఆవిడ గడప మీద కూర్చుంది.

"నాగులచవితికి?"

వెతికాను. "చుక్క. 'నాగులచవితి. దొడ్డి వసారా. అందరూ పుట్ట దగ్గరికి వెళ్ళారు. నాకు చలిమిడి దూరంనించి విసిరారు. పట్టుకోలేకపోయాను.'"

"నిజమే. కాకి తీసుకుపోయింది. తరవాత?"

"మరుసటి వారం శుక్రవారం సున్న. 'ఇవాళ ఏమీ లేదు. అయినా అరుగెక్కాను. ఇరవై రెండు పేజీలు అయ్యాయి.' తర్వాత మంగళవారం. 'ఇవాళ ఎక్కలేదు. ఎక్కితే బాగుండేది. రెండుసార్లు పడ్డాను. రెండోసారి పడ్డప్పుడు నా చుట్టూ ఎవరూ లేరు, రాయి కూడా లేదు.' తర్వాత…"

"ఏం మింగావు?"

"ఏమీ లేదు మామ్మా."

"మింగినట్టు వినపడింది. చదువు."

చదివాను. "'మామ్మ ఇవాళ నాలుగుసార్లు స్నానం చేసింది. నూతిలో నీళ్ళు కూడా ఆవిడని చూసి భయపడి కిందికి దిగుతున్నాయి.'"

వీధిలో ఎవరో బండి తోలుకుపోతున్నారు. మామ్మ గడప మీద కాళ్ళు సర్దుకుంది.

"నీళ్ళు మాఘంలో ఇంకా దిగుతాయి" అంది. "కానీ."

మరో నాలుగు నెలలు వెనక్కి చదివించింది. చుక్క దగ్గరల్లా తల ఊపేది, తన లెక్కతో సరిపోయినట్టు. సున్న దగ్గరల్లా నా మొహం చూసేది. చదువుతూ చదువుతూ నేను నా అవమానాలన్నీ వరసగా ఆవిడకి అప్పచెప్పాను. ముక్కుకి తగిలిన రింగులు, చిరిగిన పరికిణీ, నన్ను తమ జట్టులో వేసుకోవద్దని రెండు జట్లూ పోట్లాడుకున్న రోజు. చివరికి మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు. ఇన్ని కల్పించి అప్పటికప్పుడు చదివే తెలివి నీకు లేదు."

నన్ను నిర్దోషిగా వదిలేసిన మాట అది. ఇంతకన్న మంచి కారణం దొరకలేదా అని అప్పుడు బాధపడలేదు, ఇప్పుడు అప్పుడప్పుడు పడతాను.

"అరుగు మీద ఏం చదివేదానివి?" అంది. "దేవుడి పుస్తకమా?"

"కాదు మామ్మా. ఒక బంగళాలో తలుపు లోపలినించి గడియ పెట్టి ఉంటుంది. పగలగొట్టి చూస్తే ముసలాయన చచ్చిపోయి ఉంటాడు."

"శివ శివా." మామ్మ కాస్త ముందుకి జరిగింది. "ఎవరు చంపారు?"

నాన్న గుమ్మంలోకి వచ్చేసరికి నేను కిటికీ ఊచల దాకా చెప్పాను, మామ్మ వంటమనిషిని అనుమానిస్తోంది. నాన్న ఖాళీ నైవేద్యం గిన్నెలు దింపి, ఎవరొచ్చారని అడిగాడు. గడప దగ్గర ఒక అరటిపండు తొడిమ ఊడిపడి ఉంది.

"బడి టీచరమ్మ" అంది మామ్మ. "పిల్ల డ్రిల్లులో పరుగెత్తడం లేదుట."

"ఆడపిల్ల పరుగెత్తకపోతే ఏం?"

"పరుగెత్తకపోతే వాళ్ళు ఊరుకోరుట. పరుగెత్తుతుందిలే. నువ్వు కాళ్ళు కడుక్కుని రా."

అంతటితో నా చదువు నిలబడింది. నాన్న లోపలికి వెళ్ళాక మామ్మ నాతో మెల్లగా అంది. "మంగళవారం వెళ్ళి ఆ తల్లికి నిజం చెప్పు. సెలవునాడు నీకోసం పడి వచ్చింది. చెప్పకపోతే నేను ఊరుకోను."

మంగళవారం ఆఖరి గంటకి నేను చెప్పవలసిన మాటలన్నీ మనసులో కూర్చుకుని వెళ్ళాను. మొత్తం మూడు వాక్యాలు. వరసలో నిలబడ్డాం. "బైటున్నోళ్ళు అరుగెక్కీండి" అని ఆవిడ కేక పెట్టి నా వైపు చూశారు. నేను కదల్లేదు. ఆవిడ మొహం వెలిగింది. దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగారు.

"మామ్మగారు మందిచ్చేరా?"

మూడు వాక్యాల్లో మొదటిది నాలిక మీదే ఉంది. ఆవిడ కళ్ళు చూశాక తల ఊపాను. ఒక్కసారి. అంతే చేశాను. అంత చిన్న అబద్ధం నేను మునుపెన్నడూ ఆడలేదు. అంతకాలం నిలిచిన అబద్ధం కూడా ఇంకోటి ఆడలేదు.

"మంచిది. ఇయ్యాల పరిగెట్టకు. నెమ్మదిగా నడు సాలు."

ఇంటికి వెళ్ళగానే మామ్మ అడిగింది. "చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"నెమ్మదిగా నడవమన్నారు."

"మంచి మనిషి" అంది మామ్మ.

అక్కడినించి టీచరుగారు నన్ను గాజుబొమ్మని చూసినట్టు చూశారు. మొదటి వారం అందరూ పరుగెత్తుతుంటే నేను స్థలం చుట్టూ ఒక చుట్టు నడిచాను. రెండో వారం రెండు చుట్లు. మూడో వారం ఒక వైపు నడక, ఒక వైపు పరుగు. నేను చుట్టు పూర్తి చేసి వచ్చేసరికి ఆవిడ ఈల పట్టుకుని అక్కడే నిలబడి, "ఆయాసమొస్తన్నాదా? కళ్ళు తిరగతన్నాయా?" అని అడిగేవారు. కళ్ళెప్పుడూ తిరగలేదు. పొరపాటున కూడా జబ్బు చెయ్యలేదు. ఒకసారి లెక్కల టీచరుగారికి నన్ను చూపించి, "ఈ పిల్ల ఎలగుండీది, ఎలగైందో సూడండి" అన్నారు. నా పక్క పిల్ల నన్ను దాటి పరుగెత్తుతూ, "ఏటే, నువ్వు ముందుకెల్తన్నావా, ఎనక్కెల్తన్నావా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపు మళ్ళీ చుట్టు తిరిగి వచ్చి, "ఇంకా ఇక్కడే ఉన్నావా?" అనేది.

రథసప్తమికి అందరం అరసవల్లి నడిచి వెళ్ళి నడిచి వచ్చాం. ప్రతి ఏడూ దారిలో రెండుచోట్ల కూర్చునేదాన్ని. ఆ ఏడు కూర్చోలేదు. మామ్మే కూర్చుంది, నేను నిలబడి ఆవిడకోసం ఆగాను. వార్షికోత్సవం పోటీల్లో టీచరుగారు నా పేరు నిమ్మకాయ చెంచా పందానికి ఇచ్చారు. అయిదుగురం పరుగెత్తాం. నాలుగోదాన్ని వచ్చాను. అయిదో పిల్ల నిమ్మకాయ పారేసుకుని వెతుక్కుంటూ ఉండిపోయింది. టీచరుగారు నాకే గట్టిగా చప్పట్లు కొట్టారు. మొదట వచ్చిన పిల్ల ఎవరికి కొడుతున్నారా అని వెనక్కి తిరిగి చూసింది.

చెప్పడానికి అప్పుడు చాలా రోజులున్నాయి. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం చెబుదామనే వెళ్ళాను. బాగుపడుతున్నానని ఆవిడ అంత సంతోషపడుతుంటే, అసలు నేనెప్పుడూ జబ్బుపడలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ సంతోషాన్ని పాడుచెయ్యకూడదని ఊరుకున్నానని కొన్నాళ్ళు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. అసలు సంగతి వేరు. ఆవిడ నన్ను ఒక్కదాన్నే అలా చూడడం నాకు బాగుండేది.

పరీక్షలు అయిపోయాయి. వేసవిలో ఆవిడకి ఇచ్ఛాపురం వైపు బదిలీ అయింది. నేనూ నా పక్క పిల్లా బస్టాండుకి వెళ్ళాం. ఆవిడ రేకు పెట్టె, పరుపుచుట్ట బస్సు పైకెక్కించి, కిటికీ పక్కన కూర్చున్నారు. కాళ్ళకి అవే బూట్లు.

"పరీక్షలెలగ రాసినారే?"

"నాను తెలిసింది రాసినానండి. ఇది తెల్దు అన్నదే నేకండా రాసీసింది" అంది నా పక్క పిల్ల.

ఆవిడ నవ్వి, దాన్ని సోడా తెమ్మని పంపారు. అది వెళ్ళాక నన్ను కిటికీ దగ్గరికి రమ్మన్నారు.

"నీకో మాట సెప్పాల. మా అక్క కూతురున్నాది. నీ ఈడే. దానికీ నీ బాధే. రెండేళ్ళయింది, మనిషి పాలిపోయింది, బడి మానీసింది. టెక్కలి డాక్టరుకి సూపించినాం, ఏటీ పట్టనేదు. నిన్ను సూసినాక నాకు ధైర్యమొచ్చింది. మీ మామ్మగారు నీకు ఏటి మందిచ్చేరు?"

నా ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చింది. ఆ పిల్లకి లేనిదీ, నాకు దండిగా ఉన్నదీ అదే.

"అది మందు కాదండి" అన్నాను.

"కషాయమా?"

"కాదండి."

"మరేటి?"

కండక్టరు గంట కొట్టాడు. బస్సు కదిలింది. నేను కిటికీ ఊచ పట్టుకుని నడిచాను. బస్సు వేగం పెంచింది, ఊచ నా చేతిలోంచి జారిపోయింది, నేను పరుగెత్తాను. నా అంతట నేను, ఎవరూ ఈల వెయ్యకుండా పరుగెత్తింది నాకు తెలిసి అదే మొదటిసారి. పరికిణీ కాలికిందకి రాలేదు. నేను పడలేదు. సోడా బండిని, మూటల మీద కూర్చున్నవాళ్ళని తప్పించుకుంటూ ఆవిడ కిటికీ పక్కనే చాలా దూరం పరుగెత్తాను. మూడు వాక్యాలూ గుర్తున్నాయి. "టీచరుగారూ" అన్నాను. "నేను" అన్నాను. అక్కడికి ఊపిరి అయిపోయింది. పరుగెత్తుతూ మాట్లాడడం ఎలాగో ఆవిడ మాకు నేర్పలేదు, నేర్పే చోటికి నేను రానూ లేదు.

ఆవిడ తల బయటికి పెట్టి నన్ను చూస్తున్నారు. మొహమంతా నవ్వు.

"బాగా పరిగెడతన్నావే. ఇంక ఆగు, ఆయాసపడకు. ఆ మందేటో రాసి పంపు. కార్డు మీద రాయకు, అందరూ సదివేస్తారు. కవర్లో పెట్టి పంపు."